ఫిరంగి గుండ్ల చిన్నాయన

చిన్నాయన పోయాడన్న కబురు వచ్చేసరికి నేను మిషను ముందు కూర్చుని ఎవరిదో అబాయాకు అంచు కుడుతున్నాను. మా షాపులో మిషన్లన్నీ ఒకేసారి నడిస్తే ఫోను మోత వినబడదు. ఒడిలో వణికితే చూశాను. చిన్నమ్మ. ఆ వేళప్పుడు ఆమె ఎప్పుడూ ఫోను చేయదు.

"అమ్మాయ్, మీ చిన్నాయన లెగలేదే. కాఫీ తీసుకెళ్ళి పిలిచాను, పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉందే" అంది.

ఆ మాట చెప్పి ఆమె ఏడవలేదు. "అబ్బాయికి నువ్వే చెప్పు. ఒక్కసారిగా చెప్పేయకు, కాస్త కూర్చోబెట్టి చెప్పు" అంది. అబ్బాయి అంటే మా ఆయన. భర్త పోయిన పొద్దున కూడా ఆమెకు కువైట్‌లో ఉన్న మా ఆయన గుర్తొచ్చాడు. ఆ ఇద్దరూ మనుషుల్ని అలాగే చూసుకున్నారు.

కంటి ఆపరేషను కోసం చిన్నాయన చిన్నమ్మను తీసుకుని సెలవు మీద ఊరికి వెళ్ళాడు. ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పాక వీడియో కాల్‌లో మా పాప గౌను మీద పువ్వులు ఏ రంగో చెప్పి మురిసిపోయాడు. తిరిగి వచ్చే టికెట్టు కూడా తీసుకున్నాడు. ఇంతలోనే ఇలా జరిగింది.

ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. ఆయనది అమలాపురం దగ్గర పల్లె, మాది రాజంపేట దగ్గర. చిన్న వయసులో ఇండియన్ నేవీలో చేరి, ఓడల మీద ఫిరంగుల దగ్గర పనిచేసి, బయటికి వచ్చాక కువైట్ చేరుకున్నాడు. అల్ రాయ్‌లో ఒక కంపెనీ గోడౌనుకు ఇన్‌ఛార్జి. అదే కంపెనీలో మా ఆయన ఏసీ మెకానిక్కు. నేను పాపను తీసుకుని ఇక్కడికి వచ్చిన కొత్తల్లో, ఫింటాస్‌లో వాళ్ళున్న ఫ్లాటులో ఒక గది మాకు ఇచ్చారు. వంటిల్లు, హాలు అందరివీ.

ఆయన్ను అందరూ బాబాయిగారు అనేవాళ్ళు. మా వైపు అలా అనం కాబట్టి నేను మొదటి రోజే "చిన్నాయనా" అన్నాను. మీరు అనాలని కూడా తోచలేదు. మా ఇళ్ళలో నాయనను, చిన్నాయనను నువ్వు అనే పిలుస్తాం. చిన్నమ్మ కొంచెం ఉలిక్కిపడింది. ఆయన మాత్రం నవ్వి, "పిలవనీయవే, నన్ను నువ్వు అనేవాళ్ళంతా పోయారు. మళ్ళీ ఒకరు దొరికారు" అన్నాడు.

ఆ మొదటి రోజే హాలు చూసి మా ఆయన నా మోచేయి గిల్లాడు. గోడ పొడుగునా, టీవీ పక్కన, కిటికీ కింద అన్నీ ఫిరంగి గుండ్లే. కొన్ని మంచినీళ్ళ చెంబంత, కొన్ని మా పాప భుజం దాకా వచ్చేంత. ఇత్తడివి, ఇనుపవి, నీలం రంగు వేసినవి. ఒక్కోదాని కింద చిన్న చెక్క పీట.

"ఈ ఇల్లు మనకొద్దు పా" అని గొణిగాడు మా ఆయన.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఏంది చిన్నాయనా ఇవి? ఇంట్లో పసిబిడ్డ తిరగాల. ఇవి పేలవా?"

ఆయనకు కోపం రాలేదు. "అడగాల్సిన మాటే అడిగావమ్మాయ్, కూర్చో" అని, కేసు అనే పెద్ద ఇత్తడి గొట్టం ఒకదాన్ని పడుకోబెట్టి అడుగు భాగం చూపించాడు. అక్కడ మధ్యలో చిన్న నొక్కు. పేలిపోయిన దానికి ఆ నొక్కు ఉంటుందట. ఓడ మీద ఫిరంగి పేలితే గుండు సముద్రంలోకి పోతుంది, మందు కాలిపోయిన ఇత్తడి కేసు వేడివేడిగా డెక్కు మీద పడుతుంది. ఆయన దగ్గరున్న వాటిలో ఎక్కువ ఆ కేసులే. నీలం రంగువి సాధన కోసం వాడే ఉత్తుత్తి గుండ్లు. వాటికి పక్కన రంధ్రం తొలిచి ఉంది. ఆ రంధ్రంలోకి సన్నటి తీగ దూర్చి, అది లోపల చివరి దాకా పోయి టక్‌మని తగలడం నాకు వినిపించాడు. అలా అన్నింటికీ ఓపిగ్గా చూపించాడు. మా పాప ఆ టక్కులు విని నవ్వింది.

"ఖాళీ అని ఎవరో చెబితే చాలదమ్మాయ్. ఖాళీ అని మనం చూడాలి" అన్నాడు.

ఆ మాట ఆయన నోటి వెంట ఆ తర్వాత చాలాసార్లు విన్నాను. గ్యాస్ సిలిండర్ గురించి కూడా అదే మాట.

ఎందుకు పోగు చేస్తున్నాడో తెలుసుకోవాలని అందరికీ ఉండేది. పండగలకు ఇంటికొచ్చిన తెలుగువాళ్ళు ఏదో గొప్ప కారణం చెబుతాడని ఎదురు చూసేవాళ్ళు. "బావుంటాయండి. అంతకన్నా ఏమీ లేదు" అనేవాడు. నాకు మాత్రం ఒక శుక్రవారం, ఇత్తడి తుడుస్తూ కొంచెం ఎక్కువ చెప్పాడు. నేవీలో చేరిన కొత్తల్లో మొదటిసారి ఫిరంగి పేలినప్పుడు భయంతో కళ్ళు మూసుకున్నాడట. కళ్ళు తెరిచేసరికి కాళ్ళ దగ్గర ఇత్తడి కేసు దొర్లుతూ, ఎండకు మెరుస్తూ ఉందట. "అంత చప్పుడు చేసింది ఇదా అనిపించింది. చంటిపిల్లాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయినట్టు ఉంది. అప్పట్నుంచి అవంటే ఇష్టం" అన్నాడు.

పోగు చేయడంలో ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. ఓడల మీదివే కావాలి. ఓడలు విడగొట్టిన తుక్కు అమ్మేవాళ్ళ దగ్గరా, అల్ రాయ్‌లో శుక్రవారం జరిగే పాత సామాన్ల బజారులోనూ వెతికేవాడు. కువైట్ నేల మీద దొరికిందని ఎవరైనా తెస్తే చేత్తో కూడా ముట్టుకునేవాడు కాదు. "ఈ ఊరివాళ్ళు ఇరాక్‌తో యుద్ధం చూశారు. ఆ సామాను వాళ్ళ ఇళ్ళ మీద పడింది. అది మనం అలంకారంగా పెట్టుకునేది కాదు" అనేవాడు.

మా ఆయన వాళ్ళ కంపెనీ కఫీల్, అంటే మా వీసాలకు పూచీ పడ్డ యజమాని, కువైటీ పెద్దమనిషి. చిన్నమ్మకు జ్వరం వస్తే చూడడానికి ఒకసారి ఇంటికొచ్చాడు. హాల్లో అడుగు పెట్టి ఆ గుండ్లు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముఖం మారిపోయింది. చిన్నాయన గబగబా అరబ్బీలో, ఇవన్నీ సముద్రానివి, ఓడలవి, ఒక్కటి కూడా ఈ నేలది కాదు అని చెప్పాడు. కఫీల్ ఒక్కొక్కదాన్నీ చూశాడు. తర్వాత వచ్చి కూర్చుని టీ తాగాడు. వెళ్ళేటప్పుడు, యుద్ధంలో వాళ్ళ తమ్ముడు ఇంటి వెనక దేన్నో కాలితో జరిపి చనిపోయాడని చెప్పి చెప్పులు తొడుక్కున్నాడు. ఆ రోజంతా చిన్నాయన అన్నం సరిగ్గా తినలేదు.

చిన్నమ్మకు ఆ గుండ్లంటే మా చెడ్డ విసుగు. అవి లేకపోతే హాల్లో సోఫా పడుతుందని ఆమె బాధ. అయినా దుమ్ము దులిపేది ఆమే. ఒకసారి ఆయన పనికి పోయాక, నల్లగా ఉన్న కేసు ఒకదాన్ని బాత్‌రూంలోకి ఈడ్చుకెళ్ళి చింతపండు, ఉప్పు వేసి పూజ సామాను తోమినట్టు తోమేసింది. సాయంత్రం ఆయన వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎంత పని చేశావే! ఆ రంగు రావడానికి దానికి నా వయసంత పట్టిందే!"

"మురికిని రంగు అంటారేటండీ? ఆయ్, ఎంచక్కా మెరుస్తోంది చూడండి" అంది ఆమె.

ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మెరుస్తోందిలే" అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మిగతావాటిని ఆమె చేతికి అందకుండా దాచుకోలేదు. చింతపండు డబ్బా మాత్రం పై అరలో పెట్టాడు.

ఆయన అలవాట్లు చిన్న చిన్నవి. లిఫ్టులో ఎవరున్నా నమస్కారం చెప్పేవాడు, వాళ్ళది ఏ దేశమైనా సరే. నేను చేసే చెనిక్కాయల పొడి అంటే ప్రాణం. "వేరుశనగపప్పు అనండర్రా, నోరు తిరుగుతుంది" అంటూనే అన్నం మీద కుప్పగా పోసుకునేవాడు. చొక్కా చింపుకుని వస్తే నేను కుట్టి ఇచ్చేదాన్ని. కుట్టు ఎక్కడుందో వెతికి పట్టుకుని, "దొరికిందోచ్" అనేవాడు. మా పాపకు లెక్కలు, తెలుగు అక్షరాలు ఆయనే నేర్పాడు. కానీ గుండు మీద ఎక్కి కూర్చుంటానంటే మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చిన కుర్రాళ్ళు గుండును భుజాన పెట్టుకుని ఫోటో దిగబోతే తీసి పీట మీద పెట్టేసేవాడు. "చూడండి, ముట్టుకోండి. ఆటలొద్దు" అనేవాడు.

అంత జాగ్రత్త గల మనిషి ఒక్కసారి పొరబడ్డాడు.

అన్నేళ్ళు పోగు చేసినా ఆయన దగ్గర నిజమైన పెద్ద గుండు లేదు. అన్నీ కేసులు, చిన్న చిన్న సాధన గుండ్లు. యుద్ధనౌక పెద్ద ఫిరంగిలో పెట్టే గుండు ఒకటి ఉండాలని ఆశ. ఒక శుక్రవారం ఉదయం, పాత ఇనుము అమ్మే మనిషి ఒకడు ఫోను చేశాడు. మా ఆయన కారులో ఇద్దరూ వెళ్ళి దుప్పటిలో చుట్టి తెచ్చారు. మోకాలి ఎత్తున, వెండి రంగు పెయింటుతో మెరుస్తూ ఉంది. అడుగున రంధ్రం కూడా ఉంది. బరువుకు ఇద్దరూ ఆయాసపడుతున్నారు. లోపల ఇసుక నింపిన సాధన గుండు అని అమ్మినవాడు చెప్పాడట. వాడు తొందరపెట్టాడు, బయట ఎండ మండిపోతోంది. పైగా ఇన్నాళ్ళుగా వెతుకుతున్న వస్తువు కళ్ళ ముందుంది. తీగ అక్కడే దూర్చి చూడాల్సింది. ఇంటికెళ్ళి చూద్దాంలే అనుకున్నాడు.

భోజనాలయ్యాక చిన్నమ్మ నడుం వాల్చింది. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. చిన్నాయన హాల్లో కింద కూర్చుని, దాని అసలు రంగు చూడాలని గుడ్డను టర్పెంటైనులో తడిపి వెండి పెయింటును మెల్లగా తుడుస్తున్నాడు. కూనిరాగం తీస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ రాగం ఆగింది. తొంగి చూశాను. నీలం కనబడాల్సిన చోట పసుపు పట్టీ కనబడుతోంది. లోపల మందు ఉన్న గుండుకు పసుపు వేస్తారని తర్వాత తెలిసింది. ఆయన తీగ తీసి అడుగు రంధ్రంలో పెట్టాడు. అది వేలి గోరంత లోపలికి పోయి ఆగిపోయింది. టక్‌మనలేదు. ఆ రంధ్రం కళ్ళు కప్పడానికి పైపైన తొలిచింది. లోపలి దాకా లేదు.

ఆయన తీగను నేల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"అమ్మాయ్, పాపను ఎత్తుకుని కిందికి దిగు. మెట్ల మీంచి వెళ్ళు. పరిగెత్తకు. ఏమీ తీసుకోకు."

"ఏమైంది చిన్నాయనా?"

"ఇది ఖాళీ కాదు. ఎల్లు."

ఆయన గొంతులోని నెమ్మది నన్ను నడిపించింది. చిన్నమ్మనూ, మా గదిలో నిద్రపోతున్న మా ఆయననూ లేపి, పాపను చంకనెత్తుకుని దిగాను. ఆయన చెప్పులైనా లేకుండా ప్రతి అంతస్తులో ప్రతి తలుపూ తట్టి, వచ్చిన ప్రతి భాషలో బయటికి వెళ్ళమని చెప్పాడు. అందరూ దిగాక చివర్న ఆయన వచ్చాడు.

రోడ్డు అవతల గోడ నీడన నిలబడ్డాం. మా ఆయన చిన్నాయనను పక్కకు లాగాడు. నేను అక్కడే ఉన్నాను.

"మామా, నా మాట ఇను. పోలీసోళ్ళకు ఫోన్ చేసినామంటే మన పని ఖలాస్. ఇఖామా తీసేసి సీదా ఊరికి పంపుతారు. నిన్నొక్కన్నే కాదు, ఇంట్లో ఉండే మమ్మల్ని గూడా. నేను పైకి పోయి దుప్పటిలో చుట్టి తెస్తా. కార్లో యేసుకుని ఎడారిలో దూరంగా పారేసి వద్దాం. యెవురు చూస్తారు?"

చిన్నాయన మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఎడారిలో ఎవరుంటారోయ్ అల్లుడూ?"

"యెవురూ ఉండరు మామా, గొర్రెలు తప్ప."

"ఆ గొర్రెల్ని కాసేదెవరు? మీ కడప వాళ్ళే కదా. చలికి మంట వేసుకునేటప్పుడు పొయ్యి రాయి అనుకుని దీన్నే దొర్లించుకొస్తాడు మీవాడొకడు."

మా ఆయన కారు తాళం జేబులో పెట్టేసుకున్నాడు. వాళ్ళ మేనత్త కొడుకు ఒకడు అప్పటికి ఎడారిలో మంద దగ్గరే ఉన్నాడు.

"నువ్వు పైకి వెళ్ళొద్దు. దాన్ని ఇంక ఎవరూ కదపకూడదు. కదిపి తెచ్చిన తప్పు ఇప్పటికే చేశాం" అని చిన్నాయన ఫోను తీసి ఎమర్జెన్సీకి చేశాడు. తన పేరు, సివిల్ ఐడీ నంబరు, బిల్డింగు ఎక్కడుందో తప్పుపోకుండా చెప్పాడు. అటువైపు వాళ్ళు నమ్మలేదేమో, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.

మొదట పోలీసులు వచ్చి వీధి మూసేశారు. తర్వాత బరువైన దుస్తులు వేసుకున్నవాళ్ళు వచ్చారు. ఎండలో పసిపిల్లలు, ముసలివాళ్ళు, గ్యాస్ మీద కూర వదిలేసి వచ్చిన ఆడవాళ్ళు, అందరం అలాగే నిలబడ్డాం. మా పై అంతస్తులో ఉండే ఒకాయన చిన్నాయన మీదికి వచ్చి, "మా పిల్లల ప్రాణాలతో ఆడుకుంటావా?" అని హిందీలో అరిచాడు. చిన్నాయన తల వంచుకుని, "తప్పు నాదేనండి. మీరు అనాల్సిందే" అన్నాడు. ఆ మనిషి ఇంకా అరుద్దామనుకున్నాడు గానీ, ఎదుటివాడు ఒప్పేసుకున్నాక అరవడానికి ఏమీ మిగలక పక్కకు తప్పుకున్నాడు. కాసేపయ్యాక ఆయన భార్యే చిన్నమ్మకు నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది.

ఇసుక నింపిన పెట్టెలో గుండును దించి తీసుకెళ్ళారు. అధికారి మమ్మల్నందరినీ వరసగా చూసి, అది ఎవరిదని అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోపే చిన్నాయన ముందుకు వెళ్ళాడు.

"నాది సార్. కొన్నది నేను, తెచ్చింది నేను. వీళ్ళు నా ఇంట్లో అద్దెకుంటారు, అంతే. వీళ్ళకేమీ తెలియదు."

ఆయన్ను జీపెక్కించారు. ఆ తర్వాత మనుషులు వచ్చి హాల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ కిందికి దించారు. చిన్నమ్మ తోమిన కేసు కూడా పోయింది. అవి లేకపోతే సోఫా పడుతుందని గొణిగే చిన్నమ్మ, అవి బండెక్కుతుంటే పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఒక్కోదాన్ని ఎంత అపురూపంగా తెచ్చుకున్నారో మీ చిన్నాయన" అంది.

ఆయన స్టేషన్‌లో ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. పాప హాల్లోకి వెళ్ళి ఖాళీ పీటల మీద కూర్చుని తాత ఏడని అడిగేది. మా ఆయన కఫీల్ దగ్గరికి కాళ్ళావేళ్ళా పడదామని వెళ్ళాడు. ఆ అవసరం రాలేదు. విషయం వినగానే పెద్దాయన కర్ర తీసుకుని లేచి, "యల్లా, బండి తియ్యి" అన్నాడట. స్టేషన్‌లో అధికారితో ఏం మాట్లాడాడో మా ఆయనకు సగమే అర్థమైంది. తన తమ్ముడు చనిపోయిన రోజున ఇలా ఒక్కడు ఫోను చేసి ఉంటే ఎంత బాగుండేది అన్న మాట మాత్రం అర్థమైందని చెప్పాడు.

ఆ గుండులో మందు నిజంగానే ఉందని తేలింది. తనంతట తాను ఫోను చేశాడు కాబట్టి, ఇంకెప్పుడూ ఇలాంటివి ఇంట్లో పెట్టనని రాయించుకుని వదిలేశారు. పోగు చేసినవి ఏవీ తిరిగి ఇవ్వలేదు. ఆయన అడగలేదు కూడా. అమ్మినవాణ్ణి పట్టుకున్నారని తర్వాత విన్నాం. బిల్డింగ్ ఓనరు మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. "మీరు వేరే గది చూసుకోండమ్మా. నా వల్ల మీకు ఇంకా కష్టం ఎందుకు" అన్నాడు చిన్నాయన. మా ఆయన సామాను కట్టడం ఆపకుండానే, "నువ్వు యాడ చూస్తే మేమూ ఆడికే. గమ్మునుండు మామా" అన్నాడు. దగ్గర్లోనే ఇంకో ఫ్లాటు దొరికింది.

కొత్త ఇంటి హాల్లో సోఫా పట్టింది. చిన్నాయన దానిలో కూర్చుని ఏం చేయాలో తెలియక చేతులు రుద్దుకునేవాడు. శుక్రవారం వస్తే మరీ. మళ్ళీ పాత సామాన్ల బజారు వైపు వెళ్ళలేదు. ఒకసారి నేను, "పోనీ రాగి చెంబులు, గడియారాలు పోగు చేసుకో చిన్నాయనా" అన్నాను. "మనసు అలా మారదమ్మాయ్" అన్నాడు. కొన్నాళ్ళు ఆయన మాట తగ్గింది, తిండి తగ్గింది. తాను తేకపోతే ఆ గుండు వేరే ఎవరింట్లోకి వెళ్ళేదో అని మేము ధైర్యం చెప్పబోతే వినేవాడు కాదు. "నేనే తెచ్చాను. పాప ఆడుకునే చోట పెట్టాను" అనేవాడు.

ఒక శుక్రవారం పొద్దున్నే తయారై కూర్చున్నాడు. "అల్లుడూ, మీ బావ ఉన్న మంద దగ్గరికి తీసుకెళతావా?" అని అడిగాడు.

జహ్రా దాటి, రోడ్డు వదిలేసి ఇసుకలో చాలా దూరం వెళ్ళాలి. నీళ్ళ క్యాన్లు, ఉల్లిపాయలు, నేను కొట్టిన చెనిక్కాయల పొడి తీసుకుని అందరం వెళ్ళాం. రేకుల షెడ్డు, గొర్రెలు, మేకలు, కనుచూపు మేర ఇసుక. మా వైపువాళ్ళు నలుగురైదుగురు పోగయ్యారు. చిన్నాయన వాళ్ళతో పాటు నేల మీద కూర్చుని, ఫోనులో ఫోటోలు చూపించాడు. ఎడారిలో యుద్ధం నాటివి ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఎలా కనబడతాయో, గాలికి ఇసుక కొట్టుకుపోయినప్పుడు ఎలా బయటపడతాయో చెప్పాడు. "ముట్టుకోవద్దు. తన్నొద్దు. రాయి కూడా వేయొద్దు. వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి" అన్నాడు. వాళ్ళు ఆయన గోదావరి యాసకు మొదట నవ్వారు. తర్వాత ఒకడు చొక్కా చేయి పైకి లాగి, వేళ్ళు లేని చేతిని చూపించాడు. రాయచోటి దగ్గరి మనిషి. డబ్బా అనుకుని తీశాడట. ఇంక ఎవరూ నవ్వలేదు.

"చూస్తే పోలీసోళ్ళకు చెప్పాల, నిజమే. ఫోన్ చేస్తే మా ఇఖామా అడగరా?" అన్నాడు ఇంకొకడు. వాళ్ళలో కొందరికి ఈ దేశంలో ఉండడానికిచ్చే ఇఖామా గడువు దాటిపోయింది.

"మీరు చేయొద్దు. నాకు చేయండి. నేను చేస్తాను" అన్నాడు చిన్నాయన.

అప్పటి నుంచీ శుక్రవారాలు అలా గడిచాయి. ఒక మంద నుంచి ఇంకో మందకు ఆయన నంబరు పాకింది. తమిళుడు, బంగ్లా మనిషి, సూడాన్ మనిషి అందరి దగ్గరా ఉండేది. ఎవరో ఒకరు ఫోను చేసేవారు. ఆయన ఎక్కడున్నా లేచి, వాళ్ళు చెప్పిన గుర్తులు పట్టుకుని పోలీసులకు తన పేరు మీదే ఫోను చేసేవాడు. చాలాసార్లు అది ఉత్త ఇనుప గొట్టం, పాత కారు భాగం అయ్యేది. అప్పుడు పోలీసులు విసుక్కుంటే క్షమాపణ చెప్పేవాడు. కొన్నిసార్లు మాత్రం నిజమైన గుండే దొరికేది. అలాంటి రోజున ఇంటికి వచ్చి అన్నం పెట్టమని అడిగి, చెనిక్కాయల పొడి కుప్పగా పోసుకుని, కడుపునిండా తినేవాడు. ఆయన మళ్ళీ పాత చిన్నాయన అయ్యాడని చిన్నమ్మ నాతో చాటుగా అంది.

సెలవు మీద వెళ్ళేటప్పుడు ఇక్కడి సిమ్ము ఉన్న ఫోను మా ఆయన చేతికిచ్చి, "మోగితే ఎత్తు. నేను వచ్చేదాకానే" అన్నాడు.

కబురు తెలిసిన రోజున మా ఆయనను చిన్నమ్మ చెప్పినట్టే కూర్చోబెట్టి చెప్పాను. ఆయన షూ లేసు ఒకటి విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి అలాగే చాలాసేపు ఉండిపోయాడు. ఊరికి వెళ్ళడానికి మాకు సెలవు దొరకలేదు. అంత్యక్రియలు వీడియోలో చూశాం. కొబ్బరిచెట్ల మధ్య జనం బాగా వచ్చారు. కఫీల్ నా దగ్గరికి షాపుకు మనిషిని పంపి, చిన్నమ్మకు ఏం కావాలో కనుక్కోమన్నాడు. ఫోనులో అడిగితే ఆమె ఏమీ వద్దంది.

కర్మలు కూడా అయిపోయాక, ఒక ఉదయం చిన్నాయన ఫోను మోగింది. మా ఆయన ఎత్తాడు. గొంతు నాకు కూడా వినబడింది.

"చిన్నాయనా, ఇక్కడ ఒకటి కనబడింది. రాత్రి గాలికి ఇసుక కొట్టుకుపోయింది. నువ్వు చెప్పినట్టే వెనక్కొచ్చేసినాను."

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నాయన లేడప్పా. ఊర్లో పోయినాడు" అన్నాడు. అటువైపు నుంచి గాలి మోత మధ్య, "మరి ఇప్పుడు యెవురికి చెప్పాల?" అని వినబడింది.

"నాకు చెప్పు. యాడుండావో గుర్తులు చెప్పు" అన్నాడు మా ఆయన. ఆ ఫోను పెట్టేసి ఎమర్జెన్సీకి చేశాడు. అరబ్బీలో తడబడుతూ తన పేరు, తన సివిల్ ఐడీ నంబరు చెప్పాడు. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.

ఇద్దరం కారులో బయలుదేరాం. మేము చేరేసరికి మంద కాసే మనిషి, లక్కిరెడ్డిపల్లె వైపు వాడు, దూరంగా నిలబడి ఉన్నాడు. తాను ఆగిన చోటే ఇసుకలో కర్ర పాతి, తలకు చుట్టుకునే ఎర్ర తువ్వాలు దానికి కట్టాడు. అంతకు మించి ఒక్క అడుగు కూడా వేయలేదట. మా వెనకే పోలీసు బండి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. మా ఆయన ఎదురు వెళ్ళి చెయ్యి ఎత్తాడు.

నేను కారు పక్కనే నిలబడ్డాను. పొద్దున్నే మంద నడిచిన దారి ఇసుకలో ఇంకా కనబడుతోంది. సన్నటి గిట్టల గుర్తులు వందల కొద్దీ, తిన్నగా వచ్చి, ఆ ఎర్ర తువ్వాలు దగ్గరికి రాగానే పక్కకు వంగి, పెద్దగా చుట్టు తిరిగి, మళ్ళీ అవతల కలిసి నీళ్ళ తొట్టి వైపు సాగిపోయాయి.